టీవీ పోలేదమ్మా, వెనక దీపం ఆరింది

ప్రశ్న: మాది తిరుపతి, కొర్లగుంట. 2015 దసరాకు 50 అంగుళాల ఎల్‌ఈడీ టీవీ కొన్నాం. రెండు వారాలుగా మాటలు వినిపిస్తున్నాయి, బొమ్మ రావడం లేదు. స్విచ్ వేయగానే ఒక్క క్షణం తెర వెలుగుతుంది, వెంటనే నల్లబడిపోతుంది. మొదట వచ్చిన మెకానిక్ ప్యానెల్ పోయిందన్నాడు, 24 వేలు అవుతుంది, దానికన్నా కొత్తది కొనుక్కోమన్నాడు. రెండో ఆయన బోర్డు మార్చాలి, 7 వేలు అన్నాడు. ఇద్దరూ టీవీ విప్పి చూడలేదు. మా అత్తగారికి మోకాళ్ళ నొప్పులు, గడప దాటలేరు. పదేళ్ళుగా పొద్దున సుప్రభాతం మొదలు రాత్రి ఏకాంత సేవ దాకా ఎస్వీబీసీ పెట్టుకునే కూర్చుంటారు. బ్రహ్మోత్సవాల్లో గరుడ సేవ నాటికైనా టీవీ బాగుపడాలని ఆమె కోరిక. మా ఆయనేమో యూట్యూబ్ చూసి తానే విప్పుతానంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది. ఇంకో మాట. ఒక్కోసారి సాయంత్రం పూట హాల్లో లైటు ఉన్నట్టుండి మరీ జోరుగా వెలుగుతుంది, అప్పుడే వంటింట్లో లైటు మందగిస్తుంది. దానికీ దీనికీ ఏమైనా సంబంధం ఉందా?

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో ఒక్క వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. 'ఒక్క క్షణం తెర వెలుగుతుంది, వెంటనే నల్లబడిపోతుంది' అన్నారే, అది చదివాక మీ టీవీ మీద నాకు ధైర్యం వచ్చింది. చిత్తూరులో ముప్పై ఏళ్ళు టీవీ రిపేరు షాపు నడిపాను. పిక్చర్ ట్యూబుల కాలం నుంచి ఇప్పటి పల్చటి టీవీల దాకా నా చేతుల మీదుగా వెళ్ళాయి. మాట సరిగ్గా వస్తూ, క్షణం వెలిగి ఆరిపోయే టీవీలో ప్యానెల్ పోవడం నేను చాలా అరుదుగా చూశాను. పోయేది దాని వెనక ఉండే లైటు. అది మార్చుకోవచ్చు. కొత్త టీవీ కొనే తొందర మీకు ఇప్పుడు లేదు.

తోలుబొమ్మలాట చూసినవాళ్ళకు ఈ సంగతి సులువుగా అర్థమవుతుంది. తెర మీద ఆడే బొమ్మకు సొంత వెలుగు ఉండదు. వెనక దీపం ఉంటేనే దాని రంగులు మనకు కనిపిస్తాయి. నడుమలో దీపం ఆరిందనుకోండి. పాట వినిపిస్తూనే ఉంటుంది, ఆడించేవాళ్ళు బొమ్మను ఆడిస్తూనే ఉంటారు, చూసేవాళ్ళకు మాత్రం చీకటి. మీ హాల్లో జరుగుతున్నది అదే. ఎల్‌ఈడీ టీవీ అని పిలుస్తున్నాం గానీ, బొమ్మ తయారయ్యేది ముందుండే ఎల్‌సీడీ ప్యానెల్‌లో. ఎల్‌ఈడీలు దాని వెనక పెట్టిన దీపాలు, అంతే.

ఇది ఔనో కాదో ఈ రాత్రికే మీరు తేల్చుకోవచ్చు. ఒక్క స్క్రూ కూడా విప్పక్కర్లేదు. హాల్లో లైట్లన్నీ ఆర్పేయండి. టీవీ ఆన్ చేసి, మాట వస్తోందని చూసుకుని, రిమోట్‌లో మెనూ బటన్ నొక్కండి. మెనూ ఎందుకంటే, మామూలు ప్రోగ్రాంలో బొమ్మలు కదిలిపోతుంటాయి, చీకట్లో పట్టుకోలేం. మెనూ అక్షరాలు పెద్దవి, కదలవు. ఇప్పుడు ఫోన్ టార్చ్ వేసి, తెరకు బెత్తెడు దూరంలో ఏటవాలుగా పట్టుకుని మెల్లగా జరపండి. మొదట అద్దం మెరుపు తప్ప ఏమీ కనిపించకపోవచ్చు. తల కొంచెం పక్కకు పెట్టి చూడండి. మెనూ కాసేపటికి దానంతటదే పోతుంది, మళ్ళీ నొక్కుతూ ఉండండి. టార్చ్ వెలుగు పడిన చోట బూడిదరంగులో, నీడలాగా అక్షరాలు కనిపించాయా, మీ ప్యానెల్ నిక్షేపంగా ఉన్నట్టే. 24 వేల మాట ఇక మనసులోంచి తీసేయండి.

మరి ఆ క్షణం వెలుగు ఏమిటి? టీవీ వెనక భాగంలో అడ్డంగా పట్టీలు ఉంటాయి, వాటి మీద వరసగా చిన్న చిన్న ఎల్‌ఈడీలు. మెకానిక్‌లు వీటిని స్ట్రిప్పులు అంటారు. పెళ్ళి ఇంటికి కట్టే పాత సీరియల్ సెట్టులో ఒక్క బల్బు పోతే ఆ వరసంతా ఆరిపోయేది, గుర్తుందా? ఇక్కడా అదే లెక్క. ఒకదాని వెనక ఒకటి కలిపి ఉంటాయి కాబట్టి, ఒక్కటి మాడినా కరెంటు వెళ్ళే దారి తెగుతుంది. టీవీ ఆన్ కాగానే బోర్డు మీదుండే డ్రైవర్ అనే భాగం అన్ని వరసలకూ కరెంటు పంపుతుంది. ఏదో ఒక వరసలో తేడా కనిపించగానే ప్రమాదమని మొత్తం ఆపేస్తుంది. మీరు చూసేది ఇంకా బతికున్న ఎల్‌ఈడీల వెలుగు. బోర్డు కరెంటు పంపింది, తేడా పసిగట్టింది, ఆపింది. తన పని తాను సరిగ్గానే చేస్తోంది. 7 వేల బోర్డు మీకు అవసరం పడదని నేననుకునేది అందుకే. ఖాయంగా తెలియాలంటే వెనక మూత విప్పి, ఆన్ చేసే క్షణంలో స్ట్రిప్పులకు వెళ్ళే వైరు దగ్గర మల్టీమీటర్ పెట్టాలి. వోల్టేజి పైకి లేచి పడిపోతే తప్పు స్ట్రిప్పులది. అసలు లేవకపోతే అప్పుడు బోర్డును అనుమానించాలి. ఐదు నిమిషాల పని ఇది. మీ ఇంటికి వచ్చిన ఇద్దరూ ఆ ఐదు నిమిషాలు పెట్టలేదు, నాకు బాధ కలిగించింది అదే.

మాడిన ఎల్‌ఈడీ ఎలా ఉంటుందో ఒక్కసారి చూస్తే మరిచిపోలేరు. పైన నీటి బొట్టులాంటి ప్లాస్టిక్ లెన్సు అంటించి ఉంటుంది. దాన్ని తీస్తే కింద చిన్న పసుపుపచ్చ చదరం. బాగున్నవన్నీ పసుపు బొట్లలా ఉంటాయి. పోయినదాని నడుమ మాడిన ఆవగింజంత నల్లచుక్క ఉంటుంది. అంత పెద్ద తెరను చీకటి చేసింది ఆ చుక్కే.

కొందరు ఆ మాడిన ఒక్కదాన్నే మారుస్తారు, లేదా వైరు ముక్కతో దాటించేసి టీవీ వెలిగించి ఇస్తారు. తక్కువలో పని అయిపోయిందని మనకూ సంతోషంగా ఉంటుంది. నేనైతే ఆ పద్ధతి ఒప్పుకోను. మీ అత్తగారు రోజుకు 15 గంటలు చూస్తారనుకుంటే, పదేళ్ళకు 54 వేల గంటలు దాటింది. ఆ స్ట్రిప్పుల మీదున్న ప్రతి ఎల్‌ఈడీదీ అదే వయసు. ఇవాళ ఒకటి, ఉగాదికి ఇంకొకటి. పోయినప్పుడల్లా ప్యానెల్ ఎత్తాలి, ఎత్తిన ప్రతిసారీ గండమే. కాబట్టి మొత్తం సెట్టు మార్పించండి. నాకు తెలిసిన లెక్కలో మీ సైజుకు స్ట్రిప్పులూ కూలీ కలిపి 3,500 నుంచి 5,500 లోపు తేలాలి.

స్ట్రిప్పులు ఎక్కడ పడితే అక్కడ దొరకవు. మన రేణిగుంట దగ్గరి ఎలక్ట్రానిక్స్ పార్కులో టీవీలే తయారవుతున్నా, పాత మోడళ్ళ సామాను కావాలంటే తిరుపతి, చిత్తూరు మెకానిక్‌లు చెన్నై రిచీ స్ట్రీటుకో బెంగళూరు ఎస్పీ రోడ్డుకో చెప్పి తెప్పించుకోవలసిందే. రెండు మూడు రోజులు టైమ్ అడిగితే అనుమానించకండి. అయితే వెనక స్టిక్కర్ మీది మోడల్ నంబరు ఒక్కటే చూసి తెప్పిస్తానంటే వద్దనండి. ఒకే మోడల్‌లో రెండు మూడు రకాల స్ట్రిప్పులు వస్తాయి. ముందు విప్పి, స్ట్రిప్పు మీద అచ్చువేసిన నంబరు చూసి, ఎల్‌ఈడీలు ఎన్నున్నాయో లెక్కపెట్టి అప్పుడు ఆర్డర్ ఇవ్వాలి.

ఇక మీ వారి సంగతి. ఆయన ఉత్సాహం మంచిదే. రిమోట్ బాగుందో లేదో ఫోన్ కెమెరా ఎదుట నొక్కి చూడటం, ప్లగ్ పీకి కాసేపు ఆగి మళ్ళీ పెట్టడం, కేబుళ్ళు మార్చి చూడటం, ఇవన్నీ ఆయన నిశ్చింతగా చేసుకోవచ్చు. వెనక మూత మాత్రం విప్పనివ్వకండి. రెండు కారణాలున్నాయి. పవర్ బోర్డు మీద బొటనవేలికన్నా లావుగా ఒక కెపాసిటర్ ఉంటుంది. టీవీ నడిచేటప్పుడు అందులో 400 వోల్టుల దాకా ఉంటుంది. ప్లగ్ పీకినంత మాత్రాన అది వెంటనే ఖాళీ కాదు. తెలియక వేలు తగిలితే ప్రాణం మీదికి వస్తుంది. యూట్యూబ్ వీడియోలో ఆ కెపాసిటర్ మీద కెమెరా ఆగదు.

రెండోది ప్యానెల్. స్ట్రిప్పులన్నీ దాని కిందే ఉంటాయి, దాన్ని ఎత్తి పక్కన పెడితే గానీ అందవు. పెద్ద కిటికీ అంత వెడల్పు, రెండు మూడు మిల్లీమీటర్ల మందం కూడా ఉండని గాజు. అంచున వేలాడే సన్నటి రిబ్బన్లలో ఒక్కటి చిరిగినా బొమ్మ మీద గీతలు పడతాయి, అవి మళ్ళీ పోవు. నా షాపులో జరిగింది చెబుతాను. ఓ మధ్యాహ్నం కుర్రాడు అన్నానికి వెళ్ళాడు. 42 అంగుళాలదే కదా అని ప్యానెల్‌ని ఒక్కణ్ణే ఎత్తాను. ఒక మూల బల్ల అంచుకు ఆనింది. పెద్ద శబ్దం కూడా రాలేదు, ఎండుటాకు తొక్కినట్టు చిట్ మంది, అంతే. మళ్ళీ బిగించి ఆన్ చేస్తే ఆ మూల నుంచి సిరా ఒలికినట్టు నల్లటి మరక, దాని చుట్టూ సాలెగూడులా గీతలు. ఆ టీవీ ఒక రిటైర్డ్ టీచర్ గారిది. ఆయనకు నా డబ్బుతో వేరే టీవీ కొనిచ్చాను. ఆ రోజు నుంచి రెండో మనిషి లేకుండా ప్యానెల్ మీద చెయ్యి వేయలేదు. ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్న నాకే అలా జరిగింది, అందుకే మీ వారికి ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఆయన చేయగల పెద్ద సాయం ఒకటుంది. పని జరిగేటప్పుడు పక్కనే ఉండాలి. షాపుకు పంపిస్తే ట్రాలీ ఆటోలో టీవీని నిలువుగానే పెట్టి, దుప్పటి చుట్టి, ఆయన పట్టుకుని కూర్చోవాలి. పడుకోబెట్టి తీసుకెళ్తే ఒక్క గుంత చాలు. ఇంట్లోనే చేస్తామంటే మంచం మీద పరుపు, దాని మీద ఉతికిన దుప్పటి పరిచి, ఫ్యాన్ ఆపేయండి. ఎంత ఉక్కపోసినా సరే ఆపేయాలి. ప్యానెల్ కింద వెలుగును సమంగా పరిచే పల్చటి తెల్లటి షీట్లు మూడు నాలుగు ఉంటాయి, గాలికి ఎగిరిపోతాయి. వాటి మధ్యలో ఒక్క వెంట్రుక చేరినా, ఒక్క చీమ దూరినా, ఆ మచ్చ రోజూ తెర మీద కనిపిస్తుంది. లెన్సులన్నీ గట్టిగా అంటుకుని ఉన్నాయో లేదో కూడా అప్పుడే చూడమనండి. జిగురు ఎండి లెన్సు ఊడితే ఆ చోట తెర మీద చందమామలాగా తెల్లటి గుండ్రటి మచ్చ వస్తుంది. మూత వేసే ముందు టీవీని కనీసం గంటసేపు నడిపించి చూడాలి. పాత స్ట్రిప్పులు మీరు అడిగి తీసుకోండి. కొత్తవి వేశారనడానికి అదే రుజువు.

కొత్త స్ట్రిప్పులు పడ్డాక ఆ రోజే సెట్టింగుల్లోకి వెళ్ళండి. షాపులో మెరవడం కోసం పెట్టిన డైనమిక్, వివిడ్ లాంటి మోడ్‌లోనే చాలా ఇళ్ళలో టీవీలు ఏళ్ళ తరబడి నడుస్తుంటాయి. దాన్ని స్టాండర్డ్‌కు మార్చి, బ్యాక్‌లైట్ అని ఉన్నదాన్ని 60 శాతం దగ్గర పెట్టండి. బ్రైట్‌నెస్ అని విడిగా ఉంటే దాన్ని కదిలించవద్దు, అది నలుపును మార్చేదే గానీ దీపాన్ని తగ్గించేది కాదు. ఎల్‌ఈడీని తినేది వేడి. దీపం తగ్గితే వేడి తగ్గుతుంది. అత్తగారికి మొదటి రెండు రోజులు మసకగా ఉందనిపించవచ్చు, తర్వాత కళ్ళకు హాయిగా ఉందని ఆమే అంటారు. ఇంకొకటి చూడండి. చాలా టీవీల్లో 'పిక్చర్ ఆఫ్' అని ఒక ఆప్షన్ ఉంటుంది. తెర ఆరిపోతుంది, మాట వస్తూనే ఉంటుంది. పారాయణం వింటూ ఆమె కళ్ళు మూసుకునే సమయంలో అది పెట్టండి. రోజుకు నాలుగు గంటలు అలా గడిచినా స్ట్రిప్పుల ఆయుష్షు బాగా పెరుగుతుంది.

ఇప్పుడు మీరు చివర్లో అడిగిన మాట. నిజానికి టీవీకన్నా ముందు చూడవలసింది అదే. హాల్లో లైటు పెరిగి, అదే సమయంలో వంటింట్లో తగ్గుతోందంటే మీ ఇంటికి మూడు ఫేజుల కరెంటు ఉండి, ఎక్కడో న్యూట్రల్, అంటే కరెంటు తిరిగి వెళ్ళే వైరు, వదులైందని నా అనుమానం. న్యూట్రల్ గట్టిగా ఉన్నంతవరకు ప్రతి గదికీ 230 వోల్టులే వస్తాయి. అది వదులైతే ఒక గదికి తగ్గి ఇంకో గదికి పెరుగుతుంది. పూర్తిగా తెగిన రోజు ఒక గదిలో 400 వోల్టుల దాకా కూడా పోవచ్చు. మీ స్ట్రిప్పులు పోవడానికి ఇది కారణమని నేననుకోను, అవి వయసు మీరి పోయినవే. కానీ బాగుచేయించిన టీవీని, పక్కనున్న ఫ్రిజ్‌ను కూడా ఒక్క రాత్రిలో తీసుకుపోగలిగేది ఇది.

చిత్తూరులో ఒక ఏప్రిల్ సాయంత్రం, మామిడికాయలు రాలగొట్టే గాలివానకు ఒక వీధిలో న్యూట్రల్ వైరు తెగింది. మర్నాడు ఆ ఒక్క వీధి నుంచే నా షాపుకు ఆరు టీవీలు వచ్చాయి. ఆరింటిలోనూ ఒకే దృశ్యం. పవర్ బోర్డు మొదట్లో నీలం బిళ్ళలా ఉండే వేరిస్టర్ పగిలి, ఫ్యూజు నల్లగా మాడి ఉంది. ఎక్కువ వోల్టేజి వచ్చినప్పుడు తాను కాలిపోయి మిగతా బోర్డును కాపాడటమే ఆ బిళ్ళ పని. నాలుగు టీవీలు బిళ్ళా ఫ్యూజూ మారిస్తే లేచి కూర్చున్నాయి. రెండింటికి పవర్ బోర్డు పూర్తిగా పోయింది.

కాబట్టి మీరు ఇవాళే కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేసి, లైన్‌మన్‌ను పిలిపించి స్తంభం నుంచి మీటరు దాకా న్యూట్రల్ చూడమనండి. మీటరు నుంచి లోపలికి మీ ఎలక్ట్రీషియన్ చూడాలి. మెయిన్ స్విచ్ దగ్గర న్యూట్రల్ స్క్రూ నల్లగా మాడి ఉంటే దొంగ దొరికినట్టే. అది సరయ్యేదాకా లైటు జోరెక్కిన క్షణంలో టీవీ, ఫ్రిజ్ ప్లగ్‌లు పీకేయండి. స్టెబిలైజర్ కొనాలా అని చాలామంది అడుగుతారు. టీవీ వెనక స్టిక్కర్ మీద 100-240 వోల్టులు అని ఉంటే తక్కువ వోల్టేజికి భయం లేదు, భయమంతా ఎక్కువ వోల్టేజికే. వోల్టేజి హద్దు దాటగానే కరెంటు కోసేసే పరికరం మెయిన్ బోర్డులో పెట్టించుకుంటే ఇంటికంతా రక్షణ. ఉరుములు వినిపిస్తే కరెంటు ప్లగ్‌తో పాటు డిష్ కేబుల్ కూడా పీకండి. ప్లగ్ పీకి కేబుల్ మరిచిపోయి బోర్డు పోగొట్టుకున్నవాళ్ళను చాలామందిని చూశాను.

ఇదే పేజీ చదివే మిగతావాళ్ళ కోసం నాలుగు ముక్కలు. నిలువు గీతలు శాశ్వతంగా నిలిచిపోయినా, తెర పగిలినా అది ప్యానెలే. టీవీ ధరలో సగానికి పైగా దానిదే, దానికి డబ్బు పోయకండి. బొమ్మ రంగులు వెలిసిపోయినట్టు, నెగటివ్‌లా, లేదా సగం తెరే కనిపిస్తే ముందు టీ-కాన్ అనే చిన్న బోర్డునూ దాని రిబ్బన్లనూ చూడమనండి, తక్కువలో తేలవచ్చు. ఎర్ర లైటు మినుకుమినుకుమంటూ లోపల టిక్కు టిక్కుమంటే పవర్ బోర్డు మీద పైభాగం ఉబ్బిన కెపాసిటర్లు ఉన్నాయేమో వెతకాలి. వెచ్చదనానికి చేరిన బల్లి అక్కడే కాలిపోయి కనిపించడమూ మన ఊళ్ళలో మామూలే. కంపెనీ పేరు వచ్చి అక్కడే ఆగిపోతే మెయిన్ బోర్డు. చాలాసార్లు సాఫ్ట్‌వేర్ మళ్ళీ ఎక్కిస్తే సరిపోతుంది. యాప్‌లు మాత్రమే రాకపోతే టీవీకి జబ్బేమీ లేదు, వెనకున్న హెచ్‌డీఎంఐ సాకెట్‌కు యాప్‌లు నడిపే స్టిక్ ఒకటి తగిలించుకోండి. ప్లాస్మా టీవీ ఉన్నవాళ్ళు మాత్రం పెద్ద ఖర్చు పెట్టకండి, 2014తో పెద్ద కంపెనీలు వాటి తయారీ ఆపేశాయి.

ఎంతవరకు ఖర్చు పెట్టవచ్చు అంటే, నా లెక్క ఒక్కటే. అదే సైజు కొత్త టీవీ ధరలో మూడో వంతు దాటితే ఆగిపోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది కాబట్టి, పాత ధరలు మనసులో పెట్టుకోకుండా ఇప్పటి ధర కనుక్కుని పోల్చండి. మీ విషయంలో స్ట్రిప్పులే అయితే రిపేరు చేయించడమే మంచిది.

గరుడ సేవ బ్రహ్మోత్సవాల్లో ఐదో రోజు రాత్రి. ఆ వారంలో మెకానిక్‌లు దొరకరు, చెన్నై పార్సిళ్ళూ ఆలస్యమవుతాయి. పది రోజుల ముందే పని అప్పగించండి. ఈ రాత్రి టార్చ్ వేసి చూడండి. అక్షరాలు కనిపిస్తే మెకానిక్‌ను పిలిచి, ఆయనకు కూడా అదే చూపించి మాట్లాడండి. ఎంత ఓపికగా చూసినా కనిపించకపోతే, టీవీ వెనక స్టిక్కర్ ఫోటో జతచేసి నాకు మళ్ళీ రాయండి.